ముందు బ్రేకు, తర్వాతే హంగులు: రైతు బండిని ఇంటి దగ్గరే చూసుకునే పద్ధతులు

ఎడ్ల నాడా అరిగితే వెంటనే కొట్టిస్తాం. పంటకాలం మొదలయ్యే ముందు ఆయిలింజనుకు సర్వీసు చేయిస్తాం. తెల్లారకముందే పాలక్యానుతో కేంద్రానికి, మధ్యాహ్నం ఎరువుల దుకాణానికి, రాత్రి కరెంటు వచ్చే వేళకు మోటారు దగ్గరికి మోసుకెళ్లే బండిని మాత్రం అది ఆగిపోయేదాకా పట్టించుకోం. బండి ఆగితే ఒక పూట పాలు పోతాయి. బ్రేకు పోతే ఇంటి పెద్దే పోవచ్చు. అందుకే ఈ వారం 100 సీసీ మోటారు సైకిలును ఇంటి వసారాలోనే ఎలా చూసుకోవాలో తెలుసుకుందాం. పదిహేను రోజులకు ఒక గంట కేటాయిస్తే చాలు.

నాకు జరిగిన అనుభవం

ముందుగా నా పొరపాటు చెబుతాను. రెండేళ్ల క్రితం ఒక సాయంత్రం ఇంటి దగ్గర చైను బిగించుకున్నాను. చక్రం వెనక్కి జరగడానికి వెనుక బ్రేకు రాడ్డు నట్టు వదులు చేశాను. చీకటి పడింది, చైను సరిపోయింది, లేచిపోయాను. నట్టు సంగతి మరిచాను. మర్నాడు పాలు తీసుకుని కాలువ వంతెన దిగుతుంటే ఎదురుగా గేదెలు వచ్చాయి. పెడల్ తొక్కితే అది ఖాళీగా కిందికి పోయింది. ముందు బ్రేకు ఉంది కాబట్టి కట్ట మీద పడి బతికాను. పన్నెండు లీటర్ల పాలు నేలపాలయ్యాయి. తప్పు మెకానిక్కుది కాదు, నాదే. అందువల్ల ఇంటి దగ్గర పని చేసుకోవడం మంచిదే గానీ, చేసిన పనిని మళ్లీ సరిచూసుకోకుండా బండి ఎక్కకూడదు.

చోటు, సామాను

నేల చదునుగా, వెలుతురు బాగా ఉన్న చోట పెద్ద స్టాండు వేయాలి. తలుపులు మూసిన కొట్టంలో ఇంజను నడపకూడదు. ఆ పొగలోని విషవాయువుకు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. పెట్రోలు పని చేసేటప్పుడు దగ్గరలో బీడీ, పొయ్యి, దీపం ఉండకూడదు. బండితో వచ్చిన పానాలు, ప్లగ్గు పానా, స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లేయరు, గాలి కొలిచే గేజి, పాత గుడ్డలు, కొంచెం కిరోసిన్ ఉంటే సరిపోతుంది. బండితో ఇచ్చిన పుస్తకాన్ని పారేయకండి. అన్ని కొలతలూ అందులోనే ఉంటాయి.

మొదట బ్రేకులు

ముందు బ్రేకు లివరు, వెనుక పెడల్ కొంత ఖాళీగా కదిలి ఆ తర్వాత పట్టాలి. చాలా 100 సీసీ బండ్లలో ఈ ఖాళీ లివరుకు 1 నుంచి 2 సెంటీమీటర్లు, పెడల్‌కు 2 నుంచి 3 సెంటీమీటర్లు ఉంటుంది. ఎక్కువైతే రాడ్డు నట్టు బిగించాలి. తర్వాత చక్రం చేత్తో తిప్పి చూడాలి. పట్టేస్తుంటే కొంచెం వదలాలి. వెనుక లైటు వెలుగుతుందో లేదో అప్పుడే చూసుకోవాలి. డ్రమ్ము మీద చిన్న బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు నొక్కినప్పుడు ఆ బాణం చివరి గీతను చేరితే బ్రేకు షూలు అరిగినట్లే, మార్పించాలి. డ్రమ్ములోకి ఆయిలు, గ్రీజు పోకూడదు.

2019 ఏప్రిల్ నుంచి అమ్మే 125 సీసీ లోపు బండ్లలో చాలావాటికి పెడల్ తొక్కితే ముందు, వెనుక బ్రేకులు రెండూ కలిసి పడతాయి. ఆ కలిపే తీగను మీరు ముట్టుకోవద్దు, మెకానిక్కుకే వదలండి.

చైను

ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకున్నాకే చైను దగ్గర చెయ్యి పెట్టాలి. ఇంజను నడుస్తుండగా గుడ్డతో తుడవబోయి వేళ్లు పోగొట్టుకునే ప్రమాదం ఉంది. వెనుక చక్రాన్ని చేత్తో తిప్పుతూ, కిరోసిన్ తడిపిన గుడ్డతో మట్టి తీసి, ఆరాక 90 నంబరు గేరు ఆయిలు పల్చగా రాయాలి. ఇంజన్‌లోంచి తీసిన నల్ల ఆయిలు రాయకూడదు. అందులోని పొడి చైనును అరగదీస్తుంది.

చైను మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే రెండున్నర నుంచి మూడున్నర సెంటీమీటర్ల దాకా ఆడాలి. మరీ బిగిస్తే బేరింగులు పోతాయి, వదులైతే చైను జారుతుంది. బిగించేటప్పుడు రెండు వైపులా గుర్తులు ఒకే గీతకు రావాలి. లేకపోతే చక్రం వంకరపోతుంది. చైను లాకు క్లిప్పు మూసి ఉన్న వైపు చైను నడిచే దిక్కుకు ఉండాలి. పని అయ్యాక ఇరుసు నట్టు, బ్రేకు రాడ్డు నట్టు రెండూ చూసుకోండి. నేను మరిచింది ఇక్కడే. చైను, పళ్ల చక్రాలు ఒకటి అరిగితే మూడూ కలిపి మార్చడమే లాభం. పాత పళ్ల మీద కొత్త చైను తొందరగా పోతుంది.

ఆయిలు, ఫిల్టరు, ప్లగ్గు

ఆయిలు చూడటానికి ఇంజను రెండు మూడు నిమిషాలు నడిపి ఆపి, మరో రెండు నిమిషాలు ఆగండి. పుల్ల తీసి తుడిచి, మరలు తిప్పకుండా ఊరికే ఆనించి తీసి చూడండి. ఇది ఎక్కువ బండ్లకు పనికొచ్చే పద్ధతి. రెండు గీతల మధ్య ఉండాలి. ట్రాక్టరుకు పోయగా మిగిలిన ఆయిలు బండికి పోయకండి. బండి క్లచ్చి ఇంజను ఆయిలులోనే మునిగి పనిచేస్తుంది. ఆయిలు రకం మారితే క్లచ్చి జారుతుంది. డబ్బా మీద పుస్తకంలో చెప్పిన గ్రేడు ఉందో లేదో చూసి కొనండి. తీసిన పాత ఆయిలు కాలువలో, పొలంలో పారబోయకుండా డబ్బాలో పట్టి షాపులో ఇవ్వండి.

మట్టి రోడ్ల మీద తిరిగే బండికి గాలి ఫిల్టరు తొందరగా పూడుకుపోతుంది. స్పాంజి రకమైతే కిరోసిన్‌లో కడిగి, పిండి, ఆరబెట్టి, ఇంజను ఆయిలు పట్టించి మళ్లీ పిండి పెట్టాలి. జిగురు ఆయిలు పూసిన కాగితం రకాన్ని కడగకూడదు, గాలి కొట్టకూడదు, మార్చడమే. మీది ఏ రకమో పుస్తకంలో ఉంటుంది.

ప్లగ్గును ఇంజను చల్లారాకే విప్పాలి. ఇటుక రంగులో ఉంటే ఇంజను బాగున్నట్టు. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువగా పోతోందో, గాలి ఫిల్టరు పూడిందో చూడాలి. తడి ఆయిలు ఉంటే ఇంజను ఆయిలు కాలుతున్నట్టు, మెకానిక్కుకు చూపాలి. తిరిగి పెట్టేటప్పుడు మొదట చేత్తోనే తిప్పాలి, లేకపోతే మరలు చెడతాయి.

2020 ఏప్రిల్ నుంచి వచ్చే బిఎస్-6 బండ్లలో ఎక్కువ వాటికి కార్బురేటరు లేదు. పెట్రోలు పంపు టాంకులోనే ఉంటుంది, దాన్ని చల్లబరిచేది ఆ పెట్రోలే. కాబట్టి టాంకు పూర్తిగా ఎండనీయవద్దు. పాత బండ్లకైతే పెట్రోలు పైపు మెత్తబడిందా, పగిలిందా అని చూస్తుండండి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు కలుస్తోంది, పాత రబ్బరుకు అది పడదు.

పొలం బండికి ప్రత్యేక జాగ్రత్తలు

వరిగడ్డి ఇరుసుకు, సైలెన్సరుకు చుట్టుకుంటుంది. వేడి సైలెన్సరు మీద ఎండుగడ్డి నిప్పంటుకుంటుంది. గడ్డి మోపు దించగానే చూసి తీసేయండి. యూరియా, పొటాషు బస్తాలు మోసిన రోజు రాలిన పొడిని నీళ్లతో కడగాలి, లేకుంటే ఇనుము తుప్పు పడుతుంది. దమ్ము చేసే రోజుల్లో నీళ్లలోంచి వచ్చాక నెమ్మదిగా నడుపుతూ బ్రేకు రెండు మూడుసార్లు నొక్కి ఆరనివ్వండి.

హంగులు: ఏది మంచిది, ఏది కాదు

మొదట బరువు లెక్క చూద్దాం. లీటరు పాలు కిలో కంటే కొంచెం ఎక్కువే. 40 లీటర్ల క్యాన్లు రెండంటే పాలే 82 కిలోల పైన. దానికి ఖాళీ క్యాన్ల బరువు, 60 కిలోల మనిషి కలిస్తే 150 దాటుతుంది. 100 సీసీ బండి మొత్తం మోయగలిగింది సుమారు 130 కిలోలే. కాబట్టి క్యారియరు ఎంత గట్టిగా వేయించినా బరువు తగ్గించుకోక తప్పదు. క్యాన్లు రెండు వైపులా సమంగా, ఇరుసుకు దగ్గరగా, తక్కువ ఎత్తులో ఉండేలా వేయించండి.

మంచి టైర్లు, కొత్త బ్రేకు షూలు, రెండు అద్దాలు, వెనుక మెరిసే పట్టీ, వెడల్పాటి మడ్‌గార్డు రబ్బరు వేయించండి. వీటికి పెట్టిన డబ్బు వృథా కాదు. ఎక్కువ వాట్ల బల్బు, మోత సైలెన్సరు, పెద్ద హారను జోలికి పోవద్దు. పెద్ద బల్బుకు వైర్లు, హోల్డరు కాలిపోతాయి. అనుమతి లేకుండా బండి రూపు మారిస్తే మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా పడవచ్చు, జైలూ ఉంది.

టైరు గాలి ఉదయం చల్లగా ఉన్నప్పుడు చూడాలి. చాలా 100 సీసీ బండ్లకు ముందు 25, వెనుక ఒక్కరికి 28, బరువుంటే 41 పాయింట్లు అని రాసి ఉంటుంది. మీ బండి మీద రాసినదే మీకు లెక్క. గాడులు ఒక మిల్లీమీటరు కంటే తగ్గితే టైరు మార్చాలి.

బండి ఎక్కే ముందు ఐదు

1. రెండు బ్రేకులు నొక్కి చూడండి.
2. రెండు టైర్లు తట్టి, నొక్కి చూడండి.
3. ముందు, వెనుక లైట్లు వెలిగించి చూడండి.
4. చైను, ఇరుసు నట్టు చూడండి.
5. క్యాను తాళ్లు బిగువుగా ఉన్నాయా చూడండి.

దీనికి రెండు నిమిషాలు చాలు. ఇంజను లోపల శబ్దం, హ్యాండిల్ బేరింగులు, పెట్రోలు ఇంజెక్షను, వైరింగు మాత్రం తెలిసిన మెకానిక్కుకే ఇవ్వండి. ఇంట్లో చేసుకునేది చేసుకుంటూ, మీకు రానిది విప్పకుండా ఉంటే బండి పదేళ్లు పనిచేస్తుంది. హెల్మెట్టు పెట్టుకుని బయల్దేరండి, పాలు వేళకు కేంద్రం చేరతాయి, మీరు క్షేమంగా ఇంటికి చేరతారు.