జంట సౌరఘటము

1839వ సంవత్సరము రెండు కారణములచే జ్ఞాపకముంచుకొనదగినది. ఆ యేట ఎడ్మండ్ బెకరెల్ అను ఫ్రెంచి యువకుడు వెలుతురు సోకినపుడు విద్యుత్తు పుట్టుటను గమనించెను. ఆ యేటనే గుస్తావ్ రోజ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు, రష్యాలోని యూరల్ పర్వతములలో దొరకిన క్రొత్త ఖనిజము నొకదానిని వర్ణించి, పెరోవ్‌స్కీ యను రష్యను ప్రభువు పేర దానికి ‘పెరోవ్‌స్కైట్’ అని నామకరణము చేసెను. ఈ రెండు విషయములును ఒకనాడు కలిసికొనునని వారు ఊహించియుండరు.

నేడు మేడలపై మనము చూచు సౌరఫలకములు చాలవరకు సిలికానుతో చేయబడినవి. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు చేసిన సిలికాను ఘటము, తనపై బడిన కాంతిలో నూటికి ఇంచుమించు 6 పాళ్లను విద్యుత్తుగా మార్చెను. తరువాత అది ఎంతయో మెరుగుపడినది. కాని సిలికాను ఒక్కటియే నూటికి 29.4 పాళ్లను దాటజాలదని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. ఈ హద్దు ఏల కలిగినది?

సూర్యకాంతి చిన్నచిన్న శక్తికణములుగా వచ్చును. నీలికాంతి కణములో శక్తి యెక్కువ. ఎఱ్ఱకాంతి కణములో తక్కువ. అయినను ఏ కణమైనను సిలికానునుండి ఒక్క ఎలక్ట్రానునే విడిపించును. మిగిలిన శక్తి వేడియై వ్యర్థమగును. వేరుసెనగ గింజలను పెద్దవి, చిన్నవి కలిపి అమ్మినచో అన్నింటికిని చిన్నవాని ధరయే పలుకును గదా! పైన పెద్ద కన్నుల జల్లెడను, క్రింద చిన్న కన్నుల జల్లెడను ఉంచి జల్లించినచో దేని ధర దానికి వచ్చును. జంటఘటములో జరుగునది ఇదియే. పైనున్న పెరోవ్‌స్కైటు పొర నీలి, ఆకుపచ్చ కాంతులను పట్టుకొని ఎక్కువ వోల్టేజి నిచ్చును. ఎఱ్ఱకాంతియు, కంటికి కనబడని పరారుణ కాంతియు దానిని దాటి క్రింది సిలికానును చేరును. ఆ పై పొర మందము వెండ్రుక మందములో ఇంచుమించు నూరవ వంతు మాత్రమే!

ఈ పెరోవ్‌స్కైటు యూరల్ కొండల రాయి కాదు. ఆ రాతిలో పరమాణువులు అమరిన తీరును అనుసరించి సీసము, అయొడిన్ మొదలగువానితో చేయబడిన వేరొక పదార్థము. సిలికానును కరగించుటకు 1,400 డిగ్రీలకు మించిన వేడి కావలెను. దీనిని ద్రవముగా పూసి, నూరు డిగ్రీల ప్రాంతపు వేడితో ఆరబెట్టవచ్చును. 2009లో జపానునందు త్సుతోము మియసాకయు, సహచరులును దీనితో చేసిన ఘటము 3.8 పాళ్లనే ఇచ్చెను. 2024లో చైనాలోని లాంగీ సంస్థవారి గోరంత జంటఘటము 34.6 పాళ్లకు చేరెను. ఆ యేటనే ఆక్స్‌ఫర్డ్ పీవీ సంస్థ జర్మనీలోని తన కర్మాగారమునుండి జంటఘటముల ఫలకములను అమ్మకమునకు పంపెను.

నా దృష్టిలో ఆ అంకెలకంటె ఆయువు ముఖ్యము. అప్పు తెచ్చి పంపుసెట్టునకు ఫలకములు పెట్టించుకొనిన రైతునకు అవి మూడేండ్లకే పాడైనచో మిగులునది అప్పే. సిలికాను ఫలకములకు 25 ఏండ్ల హామీ ఇచ్చుట పరిపాటి. పెరోవ్‌స్కైటు తేమకును, వేడికిని లొంగునట్టిది. నీరు సోకినచో చెదరి పసుపుపచ్చని సీసపు లవణము నిచ్చును. అందుచేత దానిని అద్దముల నడుమ తేమ చొరకుండ మూసి, 85 డిగ్రీల వేడిలో, నూటికి 85 పాళ్ల తేమలో 1,000 గంటలుంచి పరీక్షింతురు. వేయి గంటలనగా నిండ నలువదిరెండు దినములైనను కావు! ఫలకము పగిలినను సీసము నేలలో కలియకుండ పట్టియుంచు పూతలను సైతము శాస్త్రజ్ఞులు సిద్ధపరచుచున్నారు.