కంట్లో ఇసుక పోసినట్టుంటోంది
(ప్రశ్నలు - జవాబులు)

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. ముట్లుడిగి రెండేళ్లయింది. అప్పట్నుంచీ కళ్లు మంట, ఇసుక పోసినట్టు గరగర. ‘కళ్లు పొడిబారాయేమో అత్తయ్యా’ అంటుంది మా కోడలు. గాలి తగిలితే చాలు నీళ్లు ధారగా కారుతుంటే పొడిబారడమేమిటి? మందుల షాపులో ఇచ్చిన చుక్కలు వేస్తే ఎరుపు తగ్గుతుంది, మానేస్తే మళ్లీ మామూలే. నెలల తరబడి అవే వాడుతున్నాను.
- ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మీ కోడలి మాటే నిజం కావచ్చు. కన్నీరంటే ఉత్త నీళ్లు కాదు. దాని మీద సన్నని నూనె పొర ఉంటుంది. రెప్పల అంచున ఉండే చిన్న గ్రంథులు ఆ నూనెను ఊరిస్తాయి. ముట్లుడిగే వయసులో హార్మోన్లు మారి వాటి పని మందగిస్తుంది. నూనె తగ్గితే కంటి తడి ఇట్టే ఆరిపోతుంది. ఆ మంటకు కన్ను ఒక్కసారిగా నీళ్లు కార్చేస్తుంది. అవి కంట్లో నిలవవు, చెంపల మీదికి జారిపోతాయి.

శుభ్రమైన గుడ్డను వేడి నీళ్లలో ముంచి పిండి, చర్మం ఓర్చుకునే వేడిలో మూసిన రెప్పల మీద 5 నుంచి 10 నిమిషాలు ఉంచండి. తర్వాత రెప్పలను అంచు వైపుగా మెల్లగా ఒత్తండి. రోజూ చేసినా కొన్ని వారాలకు గానీ తేడా తెలియదు. ఫ్యాను గాలి నేరుగా మొహానికి కొట్టనివ్వకండి. ఫోన్ చూస్తూ రెప్ప వేయడం మరిచిపోతాం, అది గుర్తుంచుకోండి. కృత్రిమ కన్నీటి చుక్కలు రోజుకు నాలుగుసార్లకు మించి కావాలంటే ప్రిజర్వేటివ్ లేనివి అడగండి.

నాకు కంగారు పుట్టించింది మీ షాపు చుక్కలే. సీసా మీద నాఫజోలిన్ అని ఉంటే, అది రక్తనాళాలను కుదించే మందు. మానగానే ఎరుపు తిరిగొస్తుంది. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ అని ఉంటే మాత్రం స్టెరాయిడ్. నెలల తరబడి వేస్తే నొప్పీ గిప్పీ లేకుండానే కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు రావచ్చు. పోయిన చూపు ఇక తిరిగి రాదు. ఈ వారమే ఆ సీసా పట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి వెళ్లి ఒత్తిడి కొలిపించుకోండి. నోరు కూడా ఎండిపోతున్నా, కీళ్ల నొప్పులున్నా ఆ సంగతీ చెప్పండి. షోగ్రెన్ అనే జబ్బుందేమో చూస్తారు. అది వచ్చేవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లే.

ప్రశ్న: కీళ్లవాతానికి ఏడేళ్లుగా హైడ్రాక్సీక్లోరోక్విన్ వేసుకుంటున్నాను. కళ్లు పోతాయంటున్నారు. మానేయనా?
- వరంగల్ నుంచి ఒక టీచరు

జవాబు: మీ అంతట మీరు మానకండి. మంచి మందే, కానీ కంటి వెనక రెటీనాను ఏళ్ల మీద దెబ్బతీయగలదు. మొదట్లో ఏమీ తెలియదు, తెలిసేసరికి ఆలస్యమవుతుంది. మందు మొదలైన ఏడాదిలోపు ఒక పరీక్ష, ఐదేళ్లు దాటాక ఏటా ఒకటి అవసరం. కిడ్నీ జబ్బుంటే ఇంకా ముందు నుంచే. అక్షరాల బోర్డు చదివిస్తే సరిపోదు. ఓసీటీ స్కాన్, విజువల్ ఫీల్డ్ పరీక్ష చేయమనండి. మోతాదు కూడా చూసుకోండి: కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాములు మించకూడదు. 45 కిలోల మనిషికి 225 అన్నమాట. అలాంటావిడ రోజూ 400 మింగుతుంటే మందు రాసిన డాక్టరును అడగాల్సిందే.

ప్రశ్న: అమ్మకు 66 ఏళ్లు. శుక్లం ఉందన్నారు. ‘ఇంకా ముదరలేదుగా, చెల్లి పురుడయ్యాక చూద్దాంలే’ అంటోంది.
- నల్గొండ

జవాబు: ముదరాలన్నది పాతకాలం ఆపరేషన్ల నాటి మాట. ఇప్పుడు ముదిరేకొద్దీ గట్టిపడి ఆపరేషనే కష్టమవుతుంది. పనికి అడ్డొస్తోందా అన్నదే లెక్క. బియ్యంలో రాళ్లు కనిపిస్తున్నాయా, సందెవేళ మెట్లు ధైర్యంగా దిగుతోందా, చూడండి. ఖర్చే అయితే హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రి లాంటి ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. అయితే మీ అమ్మ వెనకాడేది డబ్బుకు కాదేమో. వంటెవరు చేస్తారు, నెలకు పైగా చుక్కలెవరు వేస్తారు అన్నది ఆమె బెంగ. ఆ వంతులు మీరంతా తేల్చుకుని, తర్వాత అడిగి చూడండి.

ప్రశ్న: మనవరాలికి కాటుక పెడితే కళ్లు పెద్దవవుతాయా?
- ఒక అమ్మమ్మ, కాకినాడ

జవాబు: అవ్వవు. కొన్ని కాటుకల్లో, సుర్మాల్లో సీసం ఉంటుంది. పసిపిల్లల మెదడుకు అది చేటు. దిష్టికే అయితే చెవి వెనక చిన్న చుక్క చాలు. అరికాల్లో వద్దు, ఆ వయసులో కాళ్లు నోట్లోకే వెళ్తాయి.