కెన్యా సఫారీకి దసరా సెలవులే మేలు

ప్రశ్న: అమ్మానాన్నలు, పదేళ్ల బాబుతో కెన్యా సఫారీకి వెళ్లాలనుకుంటున్నాం. వేసవి సెలవుల్లో వెళ్లొచ్చా? ఎలాంటి టూరు మంచిది?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వేసవిలో వద్దండీ. ఏప్రిల్, మే నెలల్లో అక్కడ పెద్ద వానలు. ధరలు తగ్గినా దారులు బురదమయమవుతాయి, ఏపుగా పెరిగిన గడ్డిలో జంతువులు సరిగా కనిపించవు. మీకు దసరా సెలవులు అనుకూలం. జులై నుంచి అక్టోబరు దాకా మసాయి మారా అభయారణ్యంలో వైల్డ్‌బీస్ట్ మందలుంటాయి. మొసళ్లున్న మారా నదిని అవి దాటే రోజు ఎవరూ ముందుగా చెప్పలేరు. అందుకే నాలుగైదు పార్కులు చుట్టే టూరు కాకుండా, మారాలోనే కనీసం 3 రాత్రులు ఉండే టూరు ఎంచుకోండి.

నైరోబీ నుంచి మారాకు రోడ్డు ప్రయాణం 5, 6 గంటలు. పెద్దవాళ్లకు చిన్న విమానం సుఖం, సామాను మాత్రం దాదాపు 15 కిలోలకే పరిమితం. జీపు మీ కుటుంబానికే విడిగా తీసుకుంటే అలసినప్పుడు వెనక్కి రావొచ్చు.

తిరిగొచ్చేటప్పుడు ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ అడుగుతారు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే టీకా వేయించుకోవాలి. 60 ఏళ్లు దాటినవారికి దీనితో ఇబ్బందులు రావొచ్చు. అందుకే టికెట్లు కొనకముందే అమ్మానాన్నలను డాక్టరుకు చూపించండి.