చందుర్తి యుద్ధమునకు ముందు సేనా ప్రయాణము

పదునెనిమిదవ శతాబ్దపు ఐరోపా సేనలకు యుద్ధము కంటె ముందు ప్రయాణమే పరీక్ష. ఏ పటాలము ఏ వేళకు కదలవలెను, ఫిరంగు లెక్కడ, సామాను బండ్లెక్కడ అను ఆజ్ఞలను ముందునాడే పటాలములకు తెలియజేసేవారు. బారుగా నడచిన దళము శత్రువు నెదుట ప్రక్కకు తిరిగి వరుసగా నిలువవలెను; నడకలో క్రమము తప్పినచో వరుసలో సందు పడును. 1757 డిసెంబరులో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ లోయిథెన్ వద్ద గుట్టల చాటున సేనను నడిపించి, ఆస్ట్రియనుల ఎడమ ప్రక్కను దెబ్బతీసినది ఈ విద్యతోనే.

సరిగా ఏడాదికి అదే విద్య మన సీమలో పరీక్షకు నిలిచినది. విజయనగర ప్రభువు ఆనంద గజపతి రాజు ఫ్రెంచివారి నుండి విశాఖపట్టణమును పట్టుకొని, ఆంగ్లేయుల సాయము కోరినాడు. వంగదేశము నుండి క్లైవు పంపగా 1758 అక్టోబరులో కర్నల్ ఫోర్డు విశాఖలో దిగినాడు. ఆయన వెంట సుమారు 500 మంది ఐరోపావారు, 2000 మంది సిపాయిలు. కశింకోటలో రాజు సేనతో కలిసి దక్షిణమునకు నడచి, చేబ్రోలు వద్ద విడిదిచేసినారు. బుస్సీ స్థానమున వచ్చిన కాన్‌ఫ్లాన్స్ ఆ దాపుననే గొల్లప్రోలు వద్ద ఉన్నాడు. ఇరువురి విడుదులూ బలమైనవే. ఎవరూ ముందు పడలేదు.

చివరకు ఫోర్డు, ఇరుసేనలూ తెల్లవారుజామున కదలి చందుర్తికి చేరవలెనని రాజుతో నిర్ణయించినాడు. నాలుగు గంటల వేళ ఆంగ్ల సేన కదలినది. రాజు సేన కదలలేదు! అదే రాత్రి కాన్‌ఫ్లాన్స్ ఆరు ఫిరంగులను మిట్టకెక్కించి, వెలుగు రాగానే రాజు విడిది మీద గుండ్లు కురిపించినాడు. రాజు కబురు మీద కబురు పంపగా ఫోర్డు వెనుదిరిగినాడు. ఇరువురూ కలిసి చందుర్తి చేరినారు. శత్రువు పారిపోవుచున్నాడని తలచి ఫ్రెంచివారు తొందరపడి వెంబడించినారు. చీకటి ప్రయాణములో ఒక సేన సిద్ధమై మరియొకటి నిద్రించుట ఎంతటి ప్రమాదమో చూడుడు. ఆనాడు అది ఆంగ్లేయులకు లాభముగా పరిణమించుట కేవలము శత్రువు పొరపాటు వలననే అని మా అభిప్రాయము.

ఇక ఫోర్డు ఇచ్చిన మరొక ఆజ్ఞ మమ్ము ఎక్కువగా ఆకర్షించినది. సిపాయిలు తమ జెండాలను చుట్టి నేలపై పెట్టవలెనన్నాడు. సిపాయి దళములను దూరము నుండి గుర్తుపట్టించునవి ఆ చిన్న జెండాలే. అవి లేక, ఎఱ్ఱ కోట్లతో నిలిచిన సిపాయిలను ఫ్రెంచివారు ఐరోపా పటాలమని భ్రమించి, తమ ఐరోపా దళమును వారిపైకే నడిపించినారు. అసలు ఐరోపా పటాలము ఏపుగా పెరిగిన చేని చాటున ఉన్నది. సిపాయిలు చెదరిపోయిన తరువాత అది బయటికి వచ్చి, ఫ్రెంచి దళమును ప్రక్కనుండి కాల్చినది. లోయిథెన్‌లో గుట్టలు చేసిన పని ఇక్కడ చేను చేసినది. అయితే ఎర అయినవారు సిపాయిలు. వారిని నడిపిన కెప్టెన్ నాక్సు పేరు చరిత్రలో నిలిచినది. ఆ దెబ్బ తిన్న మనవారి పేర్లు విజయగాథలలో మాకు కానరాలేదు.

కాన్‌ఫ్లాన్స్ గుఱ్ఱముపై రాజమహేంద్రవరమునకు పారిపోయినాడు. ఫోర్డు గోదావరి దాటి మచిలీపట్టణమునకు పోదలచినాడు గాని, రాజు ఇత్తునన్న సొమ్ము అందలేదు. 1759 జనవరి చివర వరకు సేన కదలనే లేదు. మచిలీపట్టణము కోట ఏప్రిల్‌లో పడినది.