బిడ్డ చెప్పినప్పుడు మన మొదటి మాట

(కుటుంబ అధ్యయన పాఠం. తల్లిదండ్రులు, అవ్వాతాతలు, ఆదివారపు బడి ఉపాధ్యాయులు కలిసి చదువుకొని చర్చించగలరు.)

పాఠం ఉద్దేశం: సెల్‌ఫోను ద్వారా వచ్చే అపాయం నుండి ప్రాథమిక పాఠశాల వయసు బిడ్డలను కాపాడుటకు ఏమి నేర్పాలి, అపాయం వచ్చినప్పుడు పెద్దలు ఏమి చేయాలి అను సంగతులు తెలిసికొనుట.



కోలారు బంగారు గనుల ప్రాంతంలో పెరిగిన వారికి ఒక సంగతి బాగా తెలుసు. షిఫ్టు మొదట్లో ఎవరెవరు గనిలోకి దిగారో, షిఫ్టు ముగిశాక ఎవరెవరు పైకి వచ్చారో లెక్క చూసేవారు. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు వెళ్లింది. అంత లోతుకు మనిషిని దింపి, తిరిగి వచ్చాడో లేదో చూడకుండా ఎవరూ ఇంటికి పోరు. అయితే ఈనాడు మనం ఎనిమిదేళ్ల బిడ్డ చేతికి ఫోను ఇచ్చి, ఎక్కడికి దిగాడో, ఎవరిని కలిశాడో అడగకుండా మన పని మనం చూచుకుంటున్నాము.

ఎవరినీ నిందించాలని ఈ మాట వ్రాయడం లేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తర్వాత మన కుటుంబాలలో ఎందరో బెంగుళూరు పనులకు వెళ్లసాగారు. పొద్దున్నే మారికుప్పం లైనులో రైలెక్కి, చీకటి పడిన తర్వాత ఇల్లు చేరతారు. కోలారు పక్కన మా తమకలో 1986లో శ్రీ దేవరాజ అరసు వైద్య కళాశాల వచ్చిన తర్వాత, ఆస్పత్రి పనులలో రాత్రి షిఫ్టుకు పోయే తల్లులు కూడా ఉన్నారు. బిడ్డ బడి నుండి వచ్చాడా, అన్నం తిన్నాడా అని అడగడానికి వారికి ఫోనే ఆధారం. ఇంట్లో అవ్వతో తెలుగు, బడిలో కన్నడం, ఫోనులో ఇంగ్లీషు. ఆ ఫోనులో ఏముందో చదవగలవాడు కొన్ని ఇళ్లలో ఆ బిడ్డ ఒక్కడే.

1. తరగతిలోకి ఫోను వచ్చిన విధం

2020 మార్చిలో కరోనా వలన బడులు మూశారు. జూన్‌లో కర్ణాటక ప్రభుత్వం చిన్న తరగతులకు ఆన్‌లైన్ పాఠాలు వద్దని ఉత్తర్వులిచ్చింది. కొందరు తల్లిదండ్రులు హైకోర్టుకు వెళ్లగా, జూలైలో ఆ ఉత్తర్వులను కోర్టు నిలిపివేసింది. అదే జూలైలో కేంద్ర ప్రభుత్వం ‘ప్రజ్ఞాత’ అను మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకటి నుండి ఎనిమిదవ తరగతి వరకు రోజుకు రెండు పాఠాలకు మించరాదు, ఒక్కొక్కటి 30 నుండి 45 నిమిషాలే అని అందులో ఉంది. కర్ణాటకలో ‘విద్యాగమ’ పేరుతో ఉపాధ్యాయులు ఊళ్లలోకే వెళ్లి అరుగుల మీద, చెట్ల కింద కొన్నాళ్లు పాఠాలు చెప్పారు. నేనూ కానుగ చెట్టు కింద కూర్చొని ఎక్కాలు చెప్పించాను.

ఒకటి నుండి ఐదు వరకు తరగతులు తిరిగి తెరిచింది 2021 అక్టోబర్ 25న. బిడ్డలు తరగతి గదికి వచ్చారు గాని, పాఠం కోసమని వారి చేతికిచ్చిన ఫోను మాత్రం తిరిగి పెద్దల చేతికి రాలేదు. పాఠం పోయి ఆట మిగిలింది.

2. నేను చేసిన పొరపాటు

అప్పటికి నా పదవీ విరమణకు రెండు నెలలుంది. నాలుగవ తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. మునుపు గట్టిగా ఎక్కాలు చెప్పి తక్కిన వారిచేత చెప్పించేవాడు. బడి తెరిచిన తర్వాత గోడ వైపు కూర్చుని, పేరు పిలిచినా ఉలిక్కిపడేవాడు. ఒక సాయంత్రం అందరూ పోయాక నల్లబల్ల తుడుస్తూ నిలబడి, “సార్, ఫోటో పంపితే పోలీసులు పట్టుకుంటారా?” అని అడిగాడు.

నేను టి.సి.హెచ్. శిక్షణ పొందినవాడను, ముప్పై సంవత్సరాలకు పైగా పాఠం చెప్పినవాడను. అయినా నా నోట వచ్చిన మొదటి మాట, “నీకు ఫోను ఎవరిచ్చారురా? ఎందుకు ముట్టుకున్నావు?” అని. వాడు, “ఊరికే అడిగాను సార్” అని సంచి తీసుకొని వెళ్లిపోయాడు.

ఎనిమిది రోజులు గడిచాయి. తొమ్మిదవ రోజు వాడి అవ్వ బడికి వచ్చింది. “అయ్యా, పిల్లోడు రేత్రి నిద్రపోడు, అన్నం ముట్టడు, ఏమడిగినా చెప్పడు” అని కన్నీళ్లు పెట్టుకుంది. ఈసారి వాడి పక్కన నేల మీద కూర్చొని, “నేను ఆరోజు కోప్పడింది తప్పు నాయనా. నీ తప్పేమీ లేదు. ఏం జరిగిందో నాకు చెప్పు, నిన్నెవరూ కొట్టరు” అన్నాను. అప్పుడు చెప్పాడు. ఆటలో పరిచయమైన ఒకడు నాణేలు కొనిచ్చాడు. చొక్కా లేని ఫోటో పంపమన్నాడు. పంపిన తర్వాత ఇంకా కావాలన్నాడు, లేకపోతే బడి గ్రూపులో పెడతానని బెదిరించాడు. నేను కోప్పడి పంపిన ఆ ఎనిమిది రోజులూ బెదిరింపులు వస్తూనే ఉన్నాయి. తొమ్మిదేళ్ల బిడ్డ ఒక్కడే వాటిని మోశాడు.

ఆ ఎనిమిది రోజుల నిమిత్తమే ఈ పాఠం వ్రాస్తున్నాను. బిడ్డ చెప్పడానికి వచ్చినప్పుడు మన మొదటి మాట తలుపు తెరవనైనా తెరుస్తుంది, మూయనైనా మూస్తుంది.

3. మోసగాడు వచ్చే దారి

ఇటువంటివాడు మొదటి రోజే చెడ్డ మాట మాట్లాడడు. అతడు వచ్చే దారిని మెట్లుగా గుర్తుంచుకొనుట మంచిది.

మొదట పొగడ్త: “ఎంత బాగా ఆడుతున్నావు!” రెండవది కానుక: ఆటలో నాణేలు, కొత్త దుస్తులు, రీఛార్జి. మూడవది వేరు చేయుట: ఆట వదిలి వేరే యాప్‌లో మాట్లాడుకుందాం రమ్మంటాడు. నాలుగవది రహస్యం: “మీ అమ్మకు చెప్పకు, చెబితే ఫోను లాక్కుంటుంది.” ఐదవది కోరిక: ఫోటో, వీడియో, లేక అవ్వ ఫోనుకు వచ్చిన ఓ.టి.పి. ఆరవది బెదిరింపు.

నాలుగవ మెట్టును జాగ్రత్తగా చూడండి. “చెబితే ఫోను లాక్కుంటారు” అని మోసగాడు చెప్పినది మనం నిజం చేస్తున్నాము. చెప్పిన బిడ్డను కొట్టి ఫోను లాక్కుంటే మరునాడు ఇంకొక బిడ్డ నోరు తెరవదు. గనుక “ఏది జరిగినా చెప్పు, చెప్పినందుకు శిక్ష ఉండదు” అను మాట బిడ్డకు ముందే, మామూలు రోజున, ఇచ్చి ఉండాలి. ఇచ్చిన తర్వాత నిలబెట్టుకోవాలి.

4. తరగతిలో నేర్పే విధానం

చిన్న బిడ్డలకు ఉపన్యాసం తలకెక్కదు. ఈ ఆట చేసి చూడండి. నేల మీద సుద్దతో రెండు గళ్లు గీయాలి. ఒకటి ‘ఎవరికైనా చెప్పవచ్చు’, రెండవది ‘ఇంటివారికే’. ప్రతి బిడ్డకు గుప్పెడు చింతగింజలు ఇవ్వాలి. ఉపాధ్యాయుడు ఒక్కొక్క సంగతి చెబుతుంటే బిడ్డలు తగిన గడిలో గింజ వేయాలి. నీకిష్టమైన రంగు, నీకిష్టమైన పండు, నీ బడి పేరు, మీ ఇంటి వీధి, అమ్మ ఏ వేళకు పనికి పోతుంది, అవ్వ ఫోను నెంబరు, ఓ.టి.పి., నీ ఫోటో.

అమ్మ పనికి పోయే వేళను చాలామంది మొదటి గడిలోనే వేస్తారు. అప్పుడు, “ఇంట్లో పెద్దలు లేని వేళ ఏదో బయటివానికి తెలిస్తే ఏమవుతుంది?” అని అడగండి. జవాబు బిడ్డలే చెబుతారు. తర్వాత యూనిఫారం ఫోటో సంగతి అడగండి. పేరు చెప్పకపోయినా చొక్కా మీది బ్యాడ్జి బడి పేరు చెబుతుందని వారే కనుగొంటారు. తామే కనుగొన్నది మరువరు.

చివరకు మూడు పనులు వల్లె వేయించండి: ఆపు, పక్కన పెట్టు, పెద్దవారికి చెప్పు. ఆ పెద్దవారు ఎవరో ప్రతి బిడ్డచేత ఇద్దరి పేర్లు చెప్పించండి. ఒకరు ఇంటివారు, ఒకరు బయటివారు. అపాయం చేసేవాడు కొన్నిసార్లు ఇంటికి తెలిసినవాడే అయి ఉంటాడు గనుక రెండవ పేరు తప్పక అవసరం.

5. మనం పెట్టే ఫోటోలు

ఈ విషయంలో పెద్దలము మనమూ దిద్దుకోవాలి. ఆదివారపు బడి వార్షికోత్సవం కాగానే బిడ్డల ఫోటోలు, పేర్లతో, తరగతులతో, ఊరి పేరుతో సహా గ్రూపులలో పెడుతున్నాము. ఒక గ్రూపులో పెట్టినది పది గ్రూపులకు పోతుంది. మా తరగతి ఫోటోను పేర్లతో నేనే పంపిన రోజులున్నాయి. ఇకమీదట తల్లిదండ్రుల అనుమతి లేనిదే బిడ్డ ఫోటో పెట్టరాదు, పేరు వ్రాయరాదు అని ప్రతి సంఘం తీర్మానించుకొనుట మేలు. బిడ్డ వద్దంటే దానినీ గౌరవించండి.

6. అపాయం జరిగినప్పుడు

ఆ పిల్లవాడి తండ్రి నాతో, “పేరు బయటికొస్తుంది సార్, మనలో మనం సర్దుకుందాం” అన్నాడు. ఆయన బాధ నాకు అర్థమైంది. అయినా ఇది పెద్దలు కూర్చొని సర్దుబాటు చేయదగిన విషయం కాదు. సంఘ పెద్దలు దీనిని ప్రత్యేకంగా గమనించాలి.

పోక్సో చట్టం 2012 నవంబర్ 14 నుండి అమలులో ఉంది. 18 సంవత్సరాలు నిండనివారందరూ ఈ చట్టం ప్రకారం బాలలే. నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలియజేయాలని 19వ సెక్షన్ చెబుతుంది. తెలిసీ తెలియజేయని పెద్దలకు 21వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల వరకు జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

అదే చట్టం బిడ్డకు అండగా ఉంది. వాంగ్మూలం బిడ్డ ఇంటి దగ్గర గాని, బిడ్డ కోరిన చోట గాని తీసుకోవచ్చు. వచ్చే అధికారి యూనిఫారంలో ఉండరాదు. వీలైనంత వరకు మహిళా అధికారి రావాలి. బిడ్డను రాత్రి స్టేషనులో ఉంచరాదు. పేరు, ఫోటో, ఇల్లు, బడి వివరాలు పత్రికలలో వేయరాదు. ఈ సంగతులు చెప్పిన తర్వాత ఆ తండ్రి ఒప్పుకున్నాడు. ప్రధానోపాధ్యాయులు 1098కి ఫోను చేశారు. వచ్చినవారు మామూలు బట్టలలో వచ్చి, అవ్వ పక్కన కూర్చోబెట్టుకొని వాడితో మెల్లగా మాట్లాడారు. నెల తిరగకముందే వాడు మళ్లీ ఎక్కాలు గట్టిగా చెప్పసాగాడు.

గుర్తుంచుకోవలసిన పనులు:

• 1098 పిల్లల సహాయవాణి. పగలు రాత్రి పనిచేస్తుంది, ఖర్చు లేదు. ఈ నెంబరు బిడ్డకే కంఠతా రావాలి.

• 1930 సైబర్ నేరాల సహాయవాణి. డబ్బు పోయిన యెడల వెంటనే చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

• బెదిరించినవాని పేరు, ఖాతా, నెంబరు, సందేశాలు చెరిపివేయకండి. అతడు అడిగినది మాత్రం ఇంకేదీ పంపకండి.

• బిడ్డ చిత్రాన్ని సాక్ష్యమని చెప్పి బంధువులకు, పెద్దలకు పంపకండి. పిల్లల అశ్లీల చిత్రాలను దాచుకొనుట కూడా నేరం కాగలదని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పోలీసులకే చూపాలి.

7. ఇంటి ఏర్పాటు

ఫోను నడి ఇంట్లోనే వాడాలి, పడక దగ్గర వద్దు. ఫోను అవ్వ దగ్గర పెట్టిన తర్వాతే నిద్ర. ఆటలలో మాట్లాడే సదుపాయాన్ని మూసివేయండి, డబ్బు చెల్లించే యాప్‌కు తాళం వేయండి. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌ల నిబంధనల ప్రకారమే 13 ఏళ్లు నిండనివారు సొంతంగా ఖాతా తెరవరాదు గనుక, వయసు అబద్ధం చెప్పి మనమే ఖాతా తెరిచి ఇవ్వరాదు. అన్నిటికంటె ముఖ్యమైనది, రోజూ పది నిమిషాలు బిడ్డ పక్కన కూర్చొని, “ఈరోజు ఏ ఆట ఆడావు? ఎవరితో ఆడావు? నాకూ చూపించు” అని అడుగుట. చదువురాని అవ్వ కూడా ఈ ప్రశ్న అడగగలదు. గని పైన నిలబడి లెక్క చూసినట్లే ఇది.

చర్చకు ప్రశ్నలు

1. మీ బిడ్డ ఈ రాత్రి, “అమ్మా, నేనొక తప్పు చేశాను” అంటే మీ నోట వచ్చే మొదటి మాట ఏది? నిజాయితీగా చెప్పండి.

2. మీ ఇంట్లో ఫోనులోని మాటలను చదవగలవారు ఎవరు? చదవలేని పెద్దలకు ఎవరు సహాయం చేయగలరు?

3. మీ సంఘపు గ్రూపులో బిడ్డల ఫోటోల విషయమై ఏ నియమం ఉంది? లేని యెడల ఎప్పుడు పెట్టుకుందురు?

4. మీ బిడ్డ నమ్మి చెప్పుకోగల ఇంటి బయటి పెద్దవారు ఎవరు? ఆ సంగతి ఆ పెద్దవారికి తెలుసా?

వారపు అభ్యాసం: ఈ వారంలో ఒక సాయంత్రం చింతగింజల ఆట ఇంట్లో ఆడండి. ఆట ముగిశాక, “ఏది జరిగినా నాకు చెప్పు, నిన్ను తిట్టను” అను మాట బిడ్డకు ఇవ్వండి.