షాతో-షాలోన్ తెల్ల వైన్: పల్లె పేరును కాచుకునే చిన్న కుటుంబాలు

పాల సంఘాల పత్రికలో వైన్ గురించి పాఠమేమిటని కొందరు సభ్యులు అనుకోవచ్చు. తాగమని చెప్పడానికి వ్రాసినది కాదిది. ఈ వ్యాసకర్త ఆ వైన్‌ను రుచి చూసినవాడూ కాడు. అయితే ఫ్రాన్సు దేశపు తూర్పు అంచున, స్విట్జర్లాండు సరిహద్దును ఆనుకొని ఉన్న జ్యూరా అనే కొండ ప్రాంతంలో పాలకూ వైన్‌కూ ఉన్న చుట్టరికం మన సభ్యులు తెలుసుకోదగినది. అందులో నాణ్యత పరీక్షకు సంబంధించిన సంగతి ఒకటి మన సంఘాలకు మరీ దగ్గరది.

ముందుగా ఒక పేరు చెప్పాలి. మన డెయిరీలలో రోజూ వినిపించే పాశ్చరైజేషన్ అనే మాట లూయీ పాశ్చర్ అనే శాస్త్రజ్ఞుని పేరు మీద వచ్చింది. ఆయన 1822లో ఈ జ్యూరా ప్రాంతంలోనే పుట్టి, అక్కడి అర్బువా అనే చిన్న పట్టణంలో పెరిగాడు. ఫ్రాన్సు వైన్ నిలవలో చెడిపోతున్నదని, కారణం కనిపెట్టమని 1863లో మూడవ నెపోలియన్ చక్రవర్తి ఆయనను కోరాడు. కంటికి కనిపించని సూక్ష్మజీవులే ఆ చెడుపుకు కారణమని, 50 నుండి 60 డిగ్రీల వరకు వేడిచేస్తే అవి నశిస్తాయని పాశ్చర్ చూపి, 1866లో గ్రంథం ప్రకటించాడు. అంటే ఈ పద్ధతి మొదట పుట్టింది వైన్ కోసం, పాలకు వచ్చింది ఆ తర్వాత. ఇది తెలియనివారు డెయిరీలలో పనిచేసే వారిలోనే చాలామంది ఉన్నారు.

రెండవ చుట్టరికం సహకారానికి సంబంధించినది. జ్యూరా కొండలలో కొంతే అనే పెద్ద జున్ను చక్రాలు తయారవుతాయి. ఒక్కొక్క చక్రం సుమారు 40 కిలోలు తూగుతుంది, దానికి 400 లీటర్ల పాలు కావాలి. రెండు మూడు ఆవులున్న ఇంటికి అది ఎట్లా సాధ్యం? అందుకే 13వ శతాబ్దం నుండే అక్కడి రైతులు పాలు ఒకచోట పోసి, జున్ను చేసి, వచ్చినది పంచుకునేవారు. ఆ పాల సంఘాన్ని వారి భాషలో ఫ్రూయితియేర్ అంటారు. ఫలం అనే అర్థమున్న మాటతో ముడిపడిన పేరది. 1906లో అర్బువా ద్రాక్ష రైతులు తమ సహకార సంఘం పెట్టుకున్నప్పుడు ఈ పాల సంఘం పేరునే తీసుకొని వైన్ ఫ్రూయితియేర్ అని పిలుచుకున్నారు. 1957లో వాతూర్ అనే ఊరిలో కూడా అటువంటి సంఘమే ఏర్పడింది. ద్రాక్ష రైతులు పాల రైతుల నుండి పేరు అరువు తెచ్చుకోవడం మనకు ముచ్చటగానే ఉంటుంది.

వాతూర్‌కు ఎగువన, నిటారు కొండ అంచు మీద షాతో-షాలోన్ అనే పల్లె ఉంది. పూర్వం అక్కడ క్రైస్తవ సన్యాసినుల మఠం ఉండేది. ఈ పల్లెతో కలిపి నాలుగు గ్రామాల వాలు పొలాలలో పండిన ద్రాక్షతో చేసిన వైన్‌కే షాతో-షాలోన్ అనే పేరు పెట్టవచ్చునని 1936లో ప్రభుత్వం చట్టబద్ధంగా నిర్ణయించింది. ఆ తోటల మొత్తం విస్తీర్ణం సుమారు 50 హెక్టార్లు, అనగా మన లెక్కలో 125 ఎకరాలకు కొంచెం తక్కువ. ఒక మోస్తరు చెరువు కింది ఆయకట్టు ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. ఇంత కొద్ది నేలను చిన్న కుటుంబాలు, సహకార సంఘ సభ్యులు పంచుకొని సాగుచేస్తున్నారు. పేరున్న కుటుంబాలలో మాక్ల్ వారిది ఒకటి. జాఁ మాక్ల్, ఆ తర్వాత ఆయన కుమారుడు నడిపిన ఆ తోట అంతా కలిపి సుమారు 12 హెక్టార్లే.

ఇక వైన్ సంగతి. సవాన్యా అనే ఒకే ఒక తెల్లద్రాక్ష రకంతో దీనిని చేస్తారు. పండు బాగా మాగేదాకా ఆగి, సాధారణంగా అక్టోబరులో కోస్తారు. రసం పులిసి వైన్ అయిన తర్వాత 228 లీటర్ల ఓకు కర్ర పీపాలలో పోసి పెడతారు. అన్నిచోట్లా పీపాలో వైన్ ఆవిరై తగ్గినకొద్దీ మళ్లీ నింపుతుంటారు. గాలి తగిలితే వైన్ చెడుతుంది గనుక. ఇక్కడ మాత్రం నింపరు. తగ్గిన ఖాళీలో వైన్ మీద ఈస్టు జాతి సూక్ష్మజీవులు పలుచని పొరగా అల్లుకుంటాయి. కాచిన పాలు చల్లారాక మీద కట్టే మీగడ తెట్టును తలచుకుంటే ఆ పొర ఎట్లా ఉంటుందో తెలుస్తుంది. ఆ తెట్టే లోపలి వైన్‌కు కాపలా. అది నిలిచినంతకాలం వైన్ నెమ్మదిగా పక్వమవుతుంది. అది చెడి, పులుపు పుట్టించే సూక్ష్మజీవులు లోపల చేరాయా, పీపా పీపా వినిగరు అయిపోతుంది.

అందుకే పీపాను కదల్చరు, నింపరు. నమూనా మాత్రం తీసి పరీక్షశాలలో ఆమ్లం చూపిస్తుంటారు. ఆమ్లం పెరుగుతున్న పీపాను వెంటనే వేరుచేస్తారు. ఇట్లా నాలుగు నెలలో ఏడాదో కాదు. కోత జరిగిన సంవత్సరం తర్వాత ఆరవ సంవత్సరం డిసెంబరు 15వ తేదీకి ముందు సీసాలలో పోయరాదని నియమం. 2018 అక్టోబరులో కోసిన పంట 2025 జనవరికి గాని బజారు చూడలేదు. ఇంతకాలంలో లీటరుకు మిగిలేది 62 సెంటీలీటర్లని వారి పాత లెక్క. అందుకే సీసా కూడా సరిగ్గా 62 సెంటీలీటర్లదే. దానిని క్లావ్లాన్ అంటారు. ఆ లెక్కన పీపాకు మిగిలేది 140 లీటర్లు. మిగతాది గాలికి పోయినట్టే!

తెల్ల వైన్ అయినా ఆరేళ్లకు అది బంగారు పసుపు రంగుకు తిరుగుతుంది, కనుక ఈ తరహాకు పసుపు వైన్ అనే పేరు వచ్చింది. దాని వాసన అక్రోటు కాయను, మసాలా దినుసులను పోలి ఉంటుందంటారు. ఇందులో మనకు తెలిసినది ఒకటుంది. ఆ వాసనకు ముఖ్య కారణం సోటోలాన్ అనే రసాయన పదార్థం. మన వంటింట్లో మెంతులకు ఆ ప్రత్యేకమైన వాసన ఇచ్చేది కూడా అదే! ఈ తరహా వైన్ ఎంతకాలం నిలుస్తుందనడానికి 1774 నాటి జ్యూరా పసుపు వైన్ సీసా ఒకటి 2018లో వేలంలో 1,03,700 యూరోలకు అమ్ముడుపోవడమే సాక్ష్యం. ఇది వింత గాని, రైతు బతుకుకు లెక్క కాదు. ఆరేళ్లు పంట పీపాలో ఉంటే ఇల్లు గడిచేదెట్లా? మాక్ల్ వారి వంటి కుటుంబాలు షార్డొనే అనే మరొక రకం ద్రాక్ష కూడా పండించి, త్వరగా తయారయ్యే వైన్ చేసి అమ్ముకుంటాయి. పాడి ఉన్న ఇంట్లో పాల డబ్బు వారం ఖర్చుకు, పంట డబ్బు అప్పులకు, పెళ్లిళ్లకు వాడుకున్నట్లే ఇదీను.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కోతకు ముందు ఒక బృందం షాతో-షాలోన్ తోటలన్నీ తిరుగుతుంది. అందులో రైతులు తమలో నుండి పంపినవారు కూడా ఉంటారు. కాపు మితిమీరిందా, పండు మాగిందా అని మడి మడి చూస్తారు. తగని తోటకు ఆ పేరు దక్కదు. పొరుగువాని తోటను పొరుగువాడే చూచి కాదనడం ఎంత కష్టమో పల్లెలో పుట్టినవారికి చెప్పనక్కరలేదు. అంతటితో ఆగలేదు. వానలు, చలి వల్ల పండు సరిగా రాని 1974, 1980, 1984, 2001 సంవత్సరాలలో ఊరంతా కలిసి పేరునే వదులుకున్నది. ఆ నాలుగు సంవత్సరాల షాతో-షాలోన్ వైన్ ఎక్కడ వెతికినా దొరకదు. ఆ పంటను పారబోయలేదు సుమా. దాని కంటే తక్కువ స్థాయి గల జ్యూరా ప్రాంతపు సాధారణ పేరుతో, తక్కువ ధరకు అమ్ముకున్నారు.

ఇందులో చిక్కు లేకపోలేదు. అటువంటి సంవత్సరంలో కూడా వాలు మంచిదై, కష్టపడి కాపు తగ్గించుకొని, చక్కని పండు తీసిన రైతు ఒకరిద్దరు ఉండకపోరు. ఊరి నిర్ణయం వల్ల వారికి కూడా నష్టమే. న్యాయమా? నా అభిప్రాయంలో న్యాయమే గాని, తేలికైన న్యాయం కాదు. పేరు తోటది కాదు, పల్లెది. చెడ్డ సంవత్సరపు సీసా ఒక్కటి ఆ పేరుతో బజారుకు పోతే, కొన్నవాడు ఎవరి తోటదని అడగడు; షాతో-షాలోన్ చెడిందంటాడు. అప్పుడు ఆరేళ్లు ఆగిన ప్రతి ఇంటికీ దెబ్బే.

మన సంఘాలలో జరిగేది ఇంతకంటే వేరు కాదు. అరవై మంది శుభ్రంగా పితికి తెచ్చిన పాలలో ఒక్కరి పులిసిన పాలు కలిస్తే క్యాను మొత్తం మరిగించినప్పుడు విరుగుతుంది. చిల్లింగ్ సెంటరులో తిరిగి వచ్చిన క్యాను మీద ఉండేది సంఘం నెంబరే గాని సభ్యుని పేరు కాదు. పరీక్ష కలపకముందే జరగాలి. ఇది అందరూ ఒప్పుకుంటారు. అయినా పాలకవర్గంలోని పెద్దమనిషి ఇంటి పాలు వచ్చినప్పుడు టెస్టరు చేతిలోని లాక్టోమీటరు బరువెక్కడం చాలా సంఘాలలో చూస్తూనే ఉన్నాం.

అయితే ఒక తేడాను మరువరాదు. పాలు ఆరేళ్లు కాదు, ఆరు గంటలు కూడా ఆగవు. ఒక గేదె మీద బతికే సభ్యురాలికి నేటి పాలు వెనక్కి పంపితే రేపటి దాణాకు డబ్బు ఉండదు. షాతో-షాలోన్ రైతులు పేరు వదులుకోగలిగారంటే, ఆ పంటను అమ్ముకోవడానికి కింది మెట్టుగా మరొక పేరు ఉండబట్టి కూడా. కాదన్న సరుకుకు దిగడానికి చోటు ఉన్నప్పుడే కాదనే నోరు గట్టిపడుతుంది. కొన్నిచోట్ల పులిసిన పాలను వేరుగా తీసుకొని, వెన్న శాతాన్ని బట్టి తక్కువ ధర కట్టి, నెయ్యికి వాడతారు. అటువంటి ఏర్పాటు ఉన్నచోట టెస్టరుకు మొగమాటం తగ్గుతుంది, సభ్యునికి కడుపుకోత తగ్గుతుంది. వేరే క్యాను, రిజిష్టరులో వేరే పద్దు, నోటీసు బోర్డు మీద వేరే ధర ముందుగానే వ్రాసి ఉంచితే తగవుకు చోటుండదు.

వచ్చే సభ్య విద్యా తరగతిలో కార్యదర్శులు ఈ ప్రశ్నను చర్చకు పెట్టవలసినదిగా కోరుతున్నాము: క్యాను విరిగి తిరిగి వచ్చిన రోజున, మంచి పాలు పోసిన సభ్యునికి ఆ పూట డబ్బు ఇవ్వాలా, కూడదా? ఇవ్వాలంటే ఆ మొత్తం ఏ పద్దు నుండి రావాలి? సంఘం ఉపనియమావళిలో దీనికి ఆధారం ఉన్నదేమో ముందు చూచుకొని, జవాబులను మినిట్సు పుస్తకంలో వ్రాయించండి.