చదరంగంలో ఐమూల బాట

చదరంగం భారతదేశంలో పుట్టిన ఆట. రథ, గజ, తురగ, పదాతులనే నాలుగు అంగాలు గల సేనకు చతురంగ బలమని పేరు. ఆ సేనే అరవై నాలుగు గడుల బల్ల మీద ఆటగా రూపొంది, పారశీక, అరబ్బు దేశాల మీదుగా ఐరోపాకు చేరింది. అక్కడ కొన్ని నియమాలు మారాయి. మన పాత పద్ధతిలో బంటు తొలి ఎత్తులో ఒక గడి మాత్రమే ముందుకు సాగేది. ఐరోపా పద్ధతిలో రెండు గడులు సాగవచ్చు. ఈ చిన్న భేదం ఆట స్వభావాన్నే మార్చివేసింది.

బల్ల మీది నిలువు వరుసలను ఎ నుంచి హెచ్ వరకు అక్షరాలతోను, అడ్డు వరుసలను 1 నుంచి 8 వరకు అంకెలతోను గుర్తిస్తారు. నడుమనున్న డి4, ఇ4, డి5, ఇ5 గడులను కేంద్రమంటారు. కేంద్రంలో నిలిచిన గుర్రం ఎనిమిది గడులను అదుపు చేయగలదు. మూలన ఉన్న గుర్రానికి రెండు గడులే దిక్కు. కనుక మొదటి ఎత్తుల్లోనే బంట్లను నడిపి కేంద్రాన్ని ఆక్రమించాలని పందొమ్మిదవ శతాబ్దపు ఆచార్యులు బోధించారు.

మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత కొందరు యువకులు ఈ బోధను ప్రశ్నించారు. రిచర్డ్ రేటీ, ఆరన్ నిమ్జోవిచ్ వారిలో ముఖ్యులు. కేంద్రాన్ని ఆక్రమించడం వేరు, అదుపు చేయడం వేరు అని వారి వాదం. ప్రత్యర్థి బంట్లు ముందుగా కేంద్రానికి వస్తే రానివ్వవచ్చు. పక్కల నుంచి వాటిపై ఒత్తిడి పెంచితే, అతని బలమే అతనికి బరువవుతుంది. ఈ సంప్రదాయానికి హైపర్‌మోడర్న్, అంటే అత్యాధునిక పద్ధతి అని పేరు వచ్చింది. 1924లో న్యూయార్క్ పోటీలో రేటీ ఈ పద్ధతిలోనే ఆడి, ఎనిమిదేళ్లుగా ఓటమి ఎరుగని ప్రపంచ విజేత కాపాబ్లాంకాను ఓడించాడు.

ఈ పద్ధతికి ఆయువుపట్టు ఫియాంకెట్టో. ఇటాలియన్ భాషలో ఈ మాటకు చిన్న పార్శ్వమని అర్థం. తెల్ల పావులతో ఆడేవాడు రాజు వైపున్న బంటును జి3కి ఒక్క గడి జరిపి, ఖాళీ అయిన జి2 గడిలో శకటును నిలుపుతాడు. శకటు ఐమూలగా మాత్రమే నడుస్తుంది. హెచ్1 నుంచి ఎ8 వరకు సాగే పొడవైన ఐమూల బాటలో ఇ4, డి5 గడులు రెండూ ఉన్నాయి. కాబట్టి మూలకు దగ్గరగా నిలిచిన శకటు కేంద్రంలో సగభాగాన్ని దూరం నుంచే కనిపెట్టి ఉంటుంది. ఆపై రాజు కోట కట్టుకొని దాని చెంతనే చేరతాడు. అయితే ఇందులో ప్రమాదం కూడా ఉంది. ఆ శకటు పోయినట్లయితే జి బంటు జరగడంవల్ల బలహీనపడిన ఎఫ్3, హెచ్3 గడులకు కాపు కరవవుతుంది; రాజు ముంగిట శత్రువుకు దారి దొరుకుతుంది.

ఐరోపా దీనిని నూతన మార్గమని భావించడానికి చాలా ముందే ఈ నడక మన దేశంలో ఉంది. 1850ల దశకంలో కలకత్తాలో మహేశచంద్ర బెనర్జీ అనే బెంగాలీ ఆటగాడు జాన్ కాక్రేన్‌తో ఆడిన ఆటలలో శకటును ఈ విధంగా పక్కన నిలిపేవాడు. ఒక్కొక్క గడి చొప్పున బంటును నడపడం అలవాటైన భారతీయునికి ఇది సహజమైన నడక. నేటికీ ఈ కోవకు చెందిన ఆరంభాలను ప్రపంచమంతటా ఇండియన్ డిఫెన్స్ అనే పేరుతో పిలుస్తున్నారు.

నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు, సిరికొండ ప్రాంతాల పసుపు రైతుకు ఈ తత్త్వం కొత్త కాదు. తొలకరిలో నాటిన పసుపు దుంప చేతికి రావడానికి ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది. అన్నాళ్లూ పైకి కనిపించేవి ఆకులే; పంట ఊరేది మట్టి లోపల. అత్యాధునిక పద్ధతి కూడా ఆలస్యంగా ఫలించే సేద్యమే. కాని నాటి ఊరుకుంటే ఏ సేద్యమూ ఫలించదు. ఈ సత్యం 2024లో ప్రపంచ చదరంగ వేదికపైన రుజువైంది.

చెన్నైలోని తెలుగు కుటుంబంలో 2006 మే 29న జన్మించిన దొమ్మరాజు గుకేశ్, చైనాకు చెందిన ప్రపంచ విజేత డింగ్ లిరెన్‌తో సింగపూర్‌లో తలపడ్డాడు. గుకేశ్‌కు తోడ్పడిన బృందంలో గుంటూరుకు చెందిన గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ ఒకరు. పదమూడు ఆటలు ముగిసేసరికి ఇరువురికీ చెరి ఆరున్నర పాయింట్లు వచ్చాయి. డిసెంబరు 12న జరిగిన పద్నాలుగవ ఆటే సంప్రదాయ పద్ధతిలో చివరిది. అది డ్రా అయితే మరునాడు వేగపు ఆటలతో విజేతను నిర్ణయించాలి.

తెల్ల పావులు డింగ్‌వి. అతడు తొలుత గుర్రాన్ని కదిపి, రెండవ ఎత్తున బంటును జి3కి జరిపి, మూడవ ఎత్తున శకటును జి2లో నిలిపాడు. అయిదవ ఎత్తున కోట కట్టాడు. గుకేశ్ మాత్రం తన బంట్లతో కేంద్రానికి వచ్చాడు. ఆట సాగి సాగి చాలా పావులు మాసిపోయాయి. చివరకు ఇరువైపులా రాజు, ఏనుగు, శకటు, కొద్ది బంట్లు మిగిలాయి. గుకేశ్‌కు ఒక్క బంటు ఎక్కువ. అయినా డింగ్ నిలదొక్కుకోగల స్థితిలోనే ఉన్నాడు.

అప్పుడు 55వ ఎత్తులో డింగ్ తన ఏనుగును ఎఫ్2కు తెచ్చి, ఏనుగుల మార్పిడికి అవకాశమిచ్చాడు. ఆరంభంలో జి2 నుంచి ఐమూల బాటను ఏలిన అతని శకటు అప్పటికి అదే బాట కొసన, ఎ8 మూలలో ఉంది. గుకేశ్ ఏనుగులను మార్చుకొని, తన శకటును రాజు అండతో డి5లో నిలిపాడు. తెల్ల శకటుకు ఉన్నది ఒక్కటే బాట. ఆ బాటకు అడ్డంగా శత్రువు నిలిచాడు. తప్పుకొనే చోటు లేక శకటుల మార్పిడి తప్పలేదు. రాజులు, బంట్లు మాత్రమే మిగిలిన పోరులో అదనపు బంటు గెలుపును నిర్ణయిస్తుంది. 58వ ఎత్తు తరువాత డింగ్ ఓటమిని అంగీకరించాడు. పద్దెనిమిదేళ్ల గుకేశ్ ఏడున్నర, ఆరున్నర పాయింట్ల తేడాతో ప్రపంచ విజేత అయ్యాడు.

ఈ ఓటమికి ఆరంభ పద్ధతి కారణం కాదు. మూడవ ఎత్తున సరైన చోట నిలిచిన శకటు యాభై అయిదవ ఎత్తునాటికి మూలన చిక్కుకొని ఉన్నదన్న ఎరుక ఒక్క క్షణం తప్పింది. దూరం నుంచి కాపు కాసే పావుకు దాని బాటే బలం, ఆ బాటే బంధనం. కనుక ఓర్పుతో మొదలుపెట్టినవారు ఆ ఓర్పును, ఎరుకను చివరి ఎత్తు వరకు నిలుపుకోవాలి. విద్యార్థి దశలో దూరదృష్టితో దారి ఎంచుకొనే వారందరికీ చదరంగపు బల్ల నేర్పే పాఠమిదే.

ప్రశ్నలు
1. కేంద్రాన్ని ఆక్రమించడానికి, అదుపు చేయడానికి గల భేదాన్ని వివరించండి.
2. ఫియాంకెట్టోలోని బలాన్ని, ప్రమాదాన్ని తెలపండి.
3. "ఆ బాటే బలం, ఆ బాటే బంధనం" అనే మాటను పద్నాలుగవ ఆట ఆధారంగా సమర్థించండి.